గనికి సర్దార్ ఉన్నాడు, మ్యాన్‌హోల్‌కు ఎవరున్నారు?

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. భద్రాచలం, పాల్వంచ, ఇల్లెందు, మణుగూరు దిక్కు హాస్టళ్లలో చదివినోళ్లు ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. మన చరిత్ర అంటే పోరాటాలు, పితూరీలు, భూమి చట్టాలు అని రాసుకుంటున్నం. అవి రాయాల్సిందే. ఇయ్యాల మాత్రం మన కాళ్ల కింద, భూమి లోపల జరిగిన చరిత్ర రాస్తున్నం. తవ్వినోళ్లెవరు, దిగినోళ్లెవరు, వాళ్ల ఊపిరికి పూచీ పడ్డదెవరు అన్నది సంగతి.

ముందు మాలో కొందరం కళ్లారా చూసింది చెప్తాం. ఏ హాస్టలో పేరు వద్దు. ఒక వానాకాలం సెప్టిక్ ట్యాంక్ నిండి బాత్రూంల వెనక పొంగింది. ఎవరో ఫోన్ చేస్తే ఇద్దరు వచ్చారు. ఒకాయన పెద్దాయన, ఇంకొకడు ఇరవై ఏళ్ల పిల్లగాడు. పిల్లగాడు మనోడే, కోయోడే. మాలో ఒకరికి బావ వరస. మూత తీసి, అంగీ విప్పి, నడుముకు తాడు కట్టుకొని దిగాడు. పైన తాడు పట్టుకున్న పెద్దాయన కాసేపటికోసారి "ఏరా, ఉన్నవా?" అని అడుగుతున్నడు. లోపల్నుంచి "ఆఁ" అని వినబడితే సరి. గ్యాస్ కొలిచే పద్ధతి అదొక్కటే. ఒకసారి "ఆఁ" రాలేదు. పెద్దాయన కేకేస్తే వంట మనుషులు ఉరికొచ్చి తాడు గుంజారు. పిల్లగాడు బయటపడి వాంతులు చేసుకున్నడు. వేపచెట్టు కింద పడుకోబెట్టి సోడా తాగించారు. బతికాడు. మేం కిటికీల్లోంచి చూసి ముక్కులు మూసుకొని నవ్వినం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తది.

ఆ పిల్లగాడి మేనమామ బొగ్గు బాయిలో సర్దార్‌గా చేసి రిటైర్ అయినాయన. సంగతి తెలిసి ఆయన అన్న మాట ఒక్కటే. "బాయిలో అయితే నేను చూసి సరే అనంది ఒక్కణ్ని లోపలికి పోనియ్యను. ఇక్కడ చూసేటోడు ఎవడురా?" ఈ పోస్టు మొత్తం ఆ ప్రశ్న గురించే.

మన దగ్గర నీళ్ల కోసం భూమి తవ్వడం కొత్త కాదు. ఎండాకాలం వాగు ఎండితే ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు దొప్పతోనో గిన్నెతోనో తోడుకున్న తరాలు మనవి. చెలమకు మేస్త్రీ అక్కర్లేదు. ఎవరి చేతులు వాళ్లవే, ఎవరి కుండ వాళ్లదే. వేరేవాళ్ల లాభానికి, వేరేవాళ్ల కొలతతో భూమి తవ్వే పని మన అడవిలోకి తర్వాత వచ్చింది.

అందులో పెద్దది దుమ్ముగూడెం పని. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఆర్థర్ కాటన్ ఆలోచన మీద ఎగువ గోదావరిని పడవల దారిగా మార్చాలని బ్రిటిష్ సర్కారు పూనుకుంది. మధ్య పరగణాల పత్తిని నది మీదుగానే సముద్రం దాకా దించుకోవాలని వాళ్ల లెక్క. నదిలో రాతి బండలు అడ్డం ఉన్న చోట్లను బ్యారియర్లు అన్నారు. అట్లాంటి మూడింట్లో మొదటిది మన దుమ్ముగూడెం దగ్గరే. హేగ్ అనే ఇంజనీరు కింద ఆనకట్ట, లాకు, కాల్వ పనులు నడిచాయి. మన్నెం జ్వరాలు పని చేసేవాళ్లను వదల్లేదు. చివరికి ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని 1871లో పని ఆపేశారు. ఇప్పటికీ ఆ ఆనకట్ట మన కళ్ల ముందు ఉంది. కాటన్ పేరు, హేగ్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. తట్టలు మోసినోళ్ల పేర్లు మాత్రం మనకు దొరకవు.

ఆ కాలం నుంచి మట్టిపనికి ఒక పెద్ద ఉంటూ వచ్చాడు. గుంపు మేస్త్రీ అంటాం. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు, కాల్వలు తవ్వింది గుంపు మేస్త్రీల కిందనే. మేస్త్రీ పని ఏంది? మనుషుల్ని తేవడం, అడ్వాన్స్ ఇవ్వడం, మట్టి కొలత చూసుకోవడం, కూలి పంచడం. ఎంత మట్టి లేచిందో అదే మేస్త్రీ లెక్క. గోడ కూలితే, గ్యాస్ కొడితే అది "వాడి కర్మ". మేస్త్రీ చెడ్డోడని మేం అంటలేం. ఆ పదవిని తయారుచేసిందే అట్లా.

ఇప్పుడు ఇంకో దారి చూడండి. 1870లలో జియలాజికల్ సర్వే మనిషి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. కింగ్ సీమ్ అని ఇప్పటికీ సింగరేణిలో అనేది ఆయన పేరు మీదే. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. ఆ బాయిల కింద మన భూములు, మన అడవి ఎంత పోయాయో అది వేరే పెద్ద కథ. దాన్ని మర్చిపోమని కాదు ఇది రాసేది.

కానీ బాయి లోపల ఒక పని జరిగింది. గ్యాస్ అంటుకొని, పైకప్పు కూలి మనుషులు చస్తుంటే చట్టాలు రాక తప్పలేదు. మన దేశంలో మొదటి గనుల చట్టం 1901లో వచ్చింది. ఆ తర్వాత 1952 గనుల చట్టం, 1957 బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి. తూర్పు బొగ్గు గనుల్లో సర్దార్ అంటే మొదట్లో కూలీల్ని తోలుకొచ్చే గుంపు పెద్దే. మన మేస్త్రీ లాంటోడే. చట్టం ఆ మాటకు అర్థం మార్చింది. సర్దార్ కావాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఫస్ట్ ఎయిడ్ తెలిసి ఉండాలి. షిఫ్టు మొదలవ్వకముందే తన జిల్లా అంతా తిరిగి, పైకప్పు తట్టి చూసి, దీపం ఎత్తి గ్యాస్ చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ప్రమాదం ఉందనుకుంటే మనుషుల్ని బయటికి పంపాలి. బొగ్గు ఎన్ని టబ్బులు వచ్చిందన్నది దాని తర్వాత మాట.

ఆ దీపం కథ కూడా తెలుసుకోవాలి. 1815లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ చేసిన సేఫ్టీ ల్యాంప్ అది. మంట చుట్టూ సన్నటి తీగల జాలీ ఉంటది. మీథేన్ ఉంటే మంట మీద నీలం టోపీ లాగా కనబడుతది. ఆక్సిజన్ తగ్గితే మంట ఆరిపోతది. అంటే మనిషి కంటే ముందు దీపం చస్తది. మా హాస్టల్ వెనక "ఏరా, ఉన్నవా?" అన్నదానికీ ఈ దీపానికీ తేడా ఇదే. అక్కడ దీపం పనిలో మనిషిని పెట్టారు.

బాయిలో అంతా బాగుందని ఎవరూ అనుకోవద్దు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. చట్టం ఉన్నా మనుషులు పోతనే ఉన్నారు. అయినా అక్కడ ఎవరు చూడాలి, ఎవరు చూడలేదు అని అడగడానికి ఒక పుస్తకం ఉంది, ఒక సంతకం ఉంది, గని నక్ష ఉంది. ఊరి మురుగు లైన్ల దగ్గరికొస్తే అడగడానికే ఏమీ ఉండదు.

ఇప్పుడు ఊరి వీధి కిందికి వద్దాం. మన రాష్ట్రంలో భూగర్భ డ్రైనేజీ చరిత్ర 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదతో మొదలైందని చెప్పుకోవచ్చు. వరద తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి వరద ఆపే చెరువులతో పాటు నగరానికి మురుగు లైన్ల సంగతి కూడా చూశాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం కింద మురుగు పైపులు పడ్డాయి. పైపు వేసిన ఇంజనీరుకు పేరొచ్చింది. పూడుకుపోయిన పైపులోకి దిగే మనిషి మాత్రం తరతరాలుగా దళిత వాడల నుంచే వచ్చాడు. అది పని పంచుకోవడం కాదు, కులం మోపిన బరువు.

మన భద్రాచలం సంగతి ఇంకో తీరు. ఇక్కడ వరదే పెద్ద ఇంజనీరు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనకు లెక్కలు పుస్తకాల కంటే ముందే వస్తాయి. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. 2022 జూలై 16న 71.3 అడుగులు. 1986 తర్వాత కట్టుకున్న కరకట్ట ఊరిని నది నుంచి కాపాడుతుంది. కానీ కట్టకు ఇంకో ముఖం ఉంది. ఊరి వాననీరు, మురుగునీరు స్లూయిస్‌ల గుండా గోదారిలో కలవాలి. గోదారి పెరిగితే స్లూయిస్ మూయాలి, లేకపోతే నదే ఊర్లోకి తన్నుకొస్తది. మూస్తే ఊరి నీరు బయటికి పోదు. విస్టా కాంప్లెక్స్ దిక్కు, గుడి చుట్టుపక్కల నీళ్లు నిలిచేది అందుకే. అప్పుడు మోటార్లు పెట్టి కట్ట అవతలికి తోడాలి. ఏ గేటు ఎప్పుడు మూయాలి, ఏ మోటారు ఎప్పుడు వేయాలి, ఏ కాల్వ ఎక్కడ పూడుకుంది అన్నది కాగితం మీద కంటే ఏళ్ల తరబడి చేసిన పంచాయతీ కార్మికుల బుర్రల్లోనే ఎక్కువ ఉంది. వాళ్లు రిటైర్ అయితే ఆ నక్ష కూడా వాళ్లతోనే ఇంటికి పోతది.

50 వేల జనాభా ఉన్న ఊరు గ్రామ పంచాయతీగా ఎందుకుంది అని బయటోళ్లు అడుగుతుంటారు. మనకు తెలుసు. మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 74వ సవరణలో పట్టణ పాలన భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు తనంతట తాను వర్తించదు, 243 జెడ్‌సీ ఆ మాట చెప్తది. పంచాయతీలకు 1996లో పెసా వచ్చింది. పట్టణాలకు అట్లాంటి చట్టం కోసం 2001లో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. పంచాయతీగా ఉండటం మన హక్కుల వైపు నుంచి అవసరమే. కానీ పట్టణమంత మురుగు, పంచాయతీ అంత సిబ్బంది అంటే ఆ తేడా ఎవరి వీపు మీద పడుతది? మన రాష్ట్రంలో జీవో 51 కింద పంచాయతీ కార్మికుల్ని మల్టీపర్పస్ వర్కర్లు అన్నారు. పొద్దున ఊడ్చేది ఆయనే, వాల్వ్ తిప్పేది ఆయనే, స్తంభమెక్కి బల్బు పెట్టేది ఆయనే, కాల్వలో దిగేది ఆయనే. 2023 జూలైలో వాళ్లు సమ్మె చేసినప్పుడు ఆ పద్ధతి తీసెయ్యాలన్నది కూడా ఒక డిమాండ్. అన్ని పనులూ ఒకరే చేయాలంటే ఏ పనికీ సర్దార్ లేనట్టే.

మురుగులో గ్యాస్ అంటే ఏందో సైన్స్ చదివే తమ్ముళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే లోపలికి పోకూడదు. మూతపడ్డ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో మలం, చెత్త కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తది. మీథేన్ పుడుతది, గాలిలో 5 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అన్నిటికంటే మోసగత్తె హైడ్రోజన్ సల్ఫైడ్. కోడిగుడ్డు కుళ్లిన వాసన దీనిదే. గాలి కంటే బరువు కాబట్టి అడుగున కూర్చుంటది. కొద్దిగా ఉంటే వాసన వస్తది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "ఇప్పుడు కంపు తగ్గింది, దిగొచ్చు" అనుకున్న నిమిషమే చావు నిమిషం కావచ్చు. ఒకరు పడిపోతే ఇంకొకరు కాపాడటానికి దిగుతారు, ఆయనా పడిపోతాడు. వార్తల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని చదివేది అందుకే. బొగ్గు బాయిలో ఉన్న శత్రువులే ఇవి. శత్రువు ఒకటే అయినప్పుడు ఒకచోట దీపం, ఇంకోచోట తాడు ఎందుకు?

ఈ ప్రశ్నను దేశం ముందు గట్టిగా నిలబెట్టినాయన కూడా గని ఊరి నుంచే వచ్చాడు. బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పుట్టాడు. తెలుగు కుటుంబం. భూమి కింద బంగారం తీసే ఊర్లోనే, భూమి పైన తన ఇంటివాళ్లు చేతులతో మలం ఎత్తడం చూసి పెరిగాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ అట్లా పుట్టింది. మన ఎస్.ఆర్. శంకరన్ గారు దానికి అండగా నిలిచారు. 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చి, రక్షణ సామాను లేకుండా మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషిని దించడం నేరం అంది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి అట్లా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. చట్టం ఉంది, పరిహారం ఉంది. పరిహారం అంటే చచ్చినాక వచ్చేది. చావకముందు "ఆగు" అనేటోడు కావాలి కదా.

ఆ "ఆగు" అనే మనిషి ఎట్లా ఉండాలో మిషన్లు చూస్తే అర్థమవుతది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి పోయే 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. నీళ్లను గట్టి ఒత్తిడితో పైపులోకి కొట్టి పూడికను కదిలిస్తారు. వేరే పెద్ద మిషన్ దాన్ని పీల్చుకుంటది. మనిషి పైనే ఉంటాడు. వేరే దేశాల్లో ఇదే పద్ధతితో భూమిని కూడా తవ్వుతున్నారు. హైడ్రో ఎక్స్‌కవేషన్ అంటారు. పలుగు, జేసీబీ బకెట్ బదులు నీటి ధారతో మట్టిని కరిగించి, ఆ బురదను పెద్ద గొట్టంతో లారీ ట్యాంకులోకి పీల్చేస్తారు. లోపలి వాటర్ పైపు, కరెంటు కేబుల్ తెగకుండా తేలతాయి.

నీటి ధారతో భూమి కోయడం పుట్టింది 1853లో, కాలిఫోర్నియా బంగారు కొండల్లో. అక్కడి కొండల్ని నీళ్లతో కడిగేసి నదుల్ని బురదతో నింపేశారు. అక్కడి ఆదివాసుల నేలే అది. కింది రైతులు కోర్టుకెక్కితే 1884లో జడ్జి ఆ బురద నదుల్లో వదలొద్దని ఆపాడు. అదే నీటి ధార ఇయ్యాల పైపును, మనిషిని కాపాడే పనిముట్టు అయింది. మిషన్ ఒకటే. ఎవరి చేతిలో, ఏ నిబంధన కింద ఉందన్నదే తేడా.

ఆ మిషన్ గుంపును నడిపేటోడి పని వరస చూడండి. తవ్వకముందు నీళ్లోళ్లను, కరెంటోళ్లను, ఫోన్ కేబులోళ్లను అడిగి కింద ఏముందో నేల మీద రంగుతో గీయించాలి. ఒత్తిడి ఎంత పెట్టాలో మట్టిని బట్టి చెప్పాలి, ఎక్కువైతే పాత పైపు కూడా కోసుకుపోతది. గొయ్యి లోతైతే, అందులో మన గోదారి ఒడ్డు ఇసక నేల అయితే, గోడలకు ఊతం పెట్టకుండా ఎవర్నీ దించకూడదు. మ్యాన్‌హోల్ మూత తీసి గాలి ఆడనిచ్చి మీటర్‌తో గ్యాస్ చూడాలి. వాటర్ లైన్ తెగితే వాల్వ్ ఎక్కడుందో చీకట్లో కూడా తెలిసి ఉండాలి. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడు పక్కన మురుగు ఉంటే పగుళ్లలోంచి లోపలికి పీలుస్తది. వాంతులు, విరేచనాలు, కామెర్లు ఊర్లోకి వచ్చే దారుల్లో అదొకటి. అందుకే రిపేరు అయ్యాక లైన్ కడిగి, నల్లా దగ్గర క్లోరిన్ చూశాకే నీళ్లు వదలాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి. చివరికి ఎక్కడ తవ్వారో, ఏం దొరికిందో నక్ష మీద రాయాలి. ఇది మేస్త్రీ పని కాదు, సర్దార్ పని.

మరి మనం ఏం చేయాలి? మూడు మాటలు. ఒకటి, "ఇది మన పని కాదు" అని ముక్కు మూసుకోవద్దు. మేం ఒకసారి ఆ తప్పు చేసినం. దళిత సోదరుల మెడకు చుట్టిన పని ఇప్పుడు డబ్బుల్లేని మన పిల్లగాళ్ల మెడకూ చుట్టుకుంటున్నది. ఇద్దరం కలిసి అడగాలి. రెండు, గ్రామసభలో అడగండి. రోడ్లు, లైట్లు అడిగినట్టే లైన్ల నక్ష, గ్యాస్ మీటర్, జెట్టింగ్ మిషన్ అడగండి. సెప్టిక్ ట్యాంక్ నిండితే మనిషిని వెతకొద్దు, 14420కి ఫోన్ చేయండి. మూడు, ఐటీఐ, పాలిటెక్నిక్, సివిల్ చదివే మన పిల్లలు ఈ లైన్‌ను చిన్నచూపు చూడొద్దు. మన ఊళ్ల మీదుగా, మన అడవి పక్క నుంచి మిషన్ భగీరథ పైపులు పోతున్నాయి. వాటికి మట్టి తీసే కూలీలుగానే కాదు, "నేను చూసి సరే అనంది ఒక్కరూ దిగరు" అనే పెద్దలుగా మన పేర్లు ఉండాలి.

దుమ్ముగూడెంలో తట్టలు మోసినోళ్ల పేర్లు మనకు దొరకలేదు. మా హాస్టల్ వెనక దిగిన పిల్లగాడి పేరు మాకు తెలుసు. ఇప్పుడతనికి ఇద్దరు పిల్లలు. ఆ పని మానేశాడు గానీ, అతని బదులు ఇంకెవడో దిగుతనే ఉంటడు. ఆ ఇంకొకడు దిగకముందే ఆపాలని ఈ పోస్టు.

మీ ఊర్లో, మీ హాస్టల్‌లో ఈ పని ఎట్లా జరుగుతున్నదో రాయండి. దిగినోళ్ల పేర్లు బయట పెట్టొద్దు, ఇబ్బంది పడతారు. సంగతి మాత్రం దాచొద్దు.

జోహార్.